చదివి వినిపించు పరిచర్య – స్వచ్ఛంద శ్రవ్యగ్రంథముల చరిత్ర

మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు నిండించుకొన్న ఈ సమయమున, సంచిక సంపాదకవర్గమువారు మమ్మును ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని కోరిరి. ఆలయముల కట్టుబడిని గూర్చియు, బోర్డింగు పాఠశాలలను గూర్చియు, ఆసుపత్రులను గూర్చియు మాకంటె పెద్దలు, మాకంటె ఎక్కువ ఎరిగినవారు ఈ సంచికలో వ్రాయుచున్నారు. కనుక మేము చిన్నదిగా కనబడు ఒక పని చరిత్రను ఎన్నుకొంటిమి. అది చదువలేని వారికి చదివి వినిపించు పని.

ఈ సంగతి మా మనస్సున పడుటకు కారణము మా సంఘములోని ఒక పెద్దమ్మగారు. ఆమె ముప్పది ఆరు సంవత్సరములు ఉపాధ్యాయినిగా పనిచేసిరి. సంఘమంతయు ఆమెను టీచరమ్మగారు అనియే పిలుచును. నీటికాసుల వ్యాధిచేత ఆమెకు చూపు పోయినది. మూడు సంవత్సరముల క్రిందట శ్రమకాలపు గృహదర్శనములలో మేము వారి ఇంటికి వెళ్ళి, వాక్యము చదివి ప్రార్థన చేసి లేవబోవుచుండగా ఆమె మా చెయ్యి పట్టుకొని, "అయ్యగారూ, ఎంతమందికి అక్షరాలు దిద్దించానో లెక్కలేదు. ఇవ్వాళ నాకు ఒక్క పేజీ చదివిపెట్టే మనిషి లేడండీ" అనిరి. ఏమి చదువవలెనమ్మా అని అడిగితిమి. ఆమె కొంచెము సిగ్గుపడి, "మా నాన్నగారు రాత్రిళ్ళు చదివి నవ్వించేవారు, చిలకమర్తి వారి గణపతి. అది మళ్ళీ ఒకసారి వినాలని ఉంది" అనిరి.

ఆ రాత్రి మాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆదివారమునాడు మూడు వాక్యభాగములు, వారమధ్యమున ఒకటి చదువుచున్నాము గదా అని తృప్తిగా ఉన్నవారము. ఒక ముసలి ఉపాధ్యాయిని ఒక నవ్వుల పుస్తకము కొరకు ఎదురుచూచుచున్నదని మాకు తోచనే లేదు.

పూర్వకాలపు చదువరులు

బిగ్గరగా చదువుట మనకు క్రొత్తది కాదు. ఎజ్రా ధర్మశాస్త్ర గ్రంథమును నీటి గుమ్మము ఎదుటి వీధిలో ఉదయము మొదలు మధ్యాహ్నమువరకు చదివెను. వినువారు గ్రహింపగలుగునట్లు లేవీయులు అర్థము చెప్పిరి. ఐతియొపీయుడైన అధికారి తన రథములో యెషయా గ్రంథమును పెదవులతో చదువుచున్నాడు గనుకనే దారిని పోవు ఫిలిప్పు దానిని వినగలిగెను. ఆ దినములలో పుస్తకము కంటికి ఎంత వస్తువో చెవికి అంత వస్తువు.

మన తెలుగుదేశములోను అట్లే జరిగినది. విశాఖపట్టణములో డెస్‌గ్రాంజెస్ దొరగారు ఆనందరాయరుగారి తోడ్పాటుతో తెనిగించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చుపడినవి. అచ్చుపడినంత మాత్రమున అందరికిని చేరునా? అక్షరము వచ్చినవారు పల్లెకు ఒక్కరో ఇద్దరో. అరుగుమీద లాంతరు పెట్టుకొని ఉపదేశిగారు చదివినప్పుడే ఆ పుస్తకము పల్లెకు పుస్తకమైనది. పురుషులు పోరాని లోగిళ్ళలో బైబిలు స్త్రీలు చదివినప్పుడే అది ఆ ఇండ్లకు పుస్తకమైనది. మన సంఘముల పెద్దలలో చాలమంది తాతలు క్రీస్తును మొదట చూచినది పుటలో కాదు, మరియొకరి గొంతులో విన్నారు.

గ్రామఫోను పలకలు

1877లో ఎడిసన్ దొర స్వరమును పట్టి నిలుపు యంత్రమును కనుగొనెను. మరుసటి సంవత్సరము ఆయన ఒక పత్రికలో తన యంత్రము ఏయే పనులకు వచ్చునో వరుసగా వ్రాసెను. సంగీతమును అందులో ఉన్నది గాని, దానికంటె ముందుగా ఆయన చెప్పిన వాటిలో అంధులకు తమంతట తామే మాటలాడు పుస్తకములు ఉండుట గమనింపదగినది. ఆ ఆలోచన పని రూపమెత్తుటకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టినది.

అమెరికాలో 1934లో ప్రభుత్వ గ్రంథాలయము ద్వారా అంధులకు మాట్లాడు పుస్తకములు పంపుట మొదలైనది. మొదటి పలకలలో కీర్తనలును, నాలుగు సువార్తలును, ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనయు, షేక్‌స్పియర్ నాటకములును ఉండెను. ఇంగ్లాండులో ఈ పని 1935 నవంబరులో ఆరంభమైనది. అచ్చట దీని కొరకు పాటుపడిన వారిలో ముఖ్యుడు కెప్టెన్ ఇయన్ ఫ్రేజర్. ఆయన 1916లో సోమ్ యుద్ధములో తుపాకి గుండు తగిలి రెండు కన్నులను పోగొట్టుకొన్న సైనికుడు. బ్రెయిలీ చుక్కలు పెద్దవయస్సున నేర్చుకొనుట ఎంత కష్టమో స్వానుభవమున ఎరిగినవాడు. అక్కడ మొదట విడుదలైన వాటిలో యోహాను సువార్తయు, అగాథా క్రిస్టీ వ్రాసిన ఒక హత్యా పరిశోధన నవలయు, జోసెఫ్ కాన్రాడ్ వ్రాసిన టైఫూన్ అను సముద్ర కథయు ఉండెను. సువార్త ప్రక్కను డిటెక్టివ్ నవలయా అని ఇప్పుడు మనలో కొందరు ముఖము చిట్లింతురేమో. చూపు పోయినంత మాత్రమున మనుష్యునికి నవ్వును, ఉబలాటమును పోవునా? ఆ పని మొదలుపెట్టినవారు ఈ సంగతిని బాగుగా గ్రహించిరి. ఒక నవలకు పది పెద్ద పలకలు పట్టెడివి. వాటిని పెట్టెలలో పెట్టి తపాలాలో పంపెడివారు.

రెండవ ప్రపంచ యుద్ధము పిమ్మట చూపు కోల్పోయిన అమెరికా సైనికులు కళాశాలలలో చేరగోరిరి. ఫీజును ప్రభుత్వము కట్టును గాని, పాఠ్యపుస్తకమును ఎవరు చదివిపెట్టుదురు? 1948లో న్యూయార్కులో ఆన్ మెక్‌డొనాల్డ్ అను స్త్రీ, తనవంటి మరికొందరు గృహిణులను కూడదీసి, గ్రంథాలయములో కూర్చుండి ఆ పుస్తకములను చిన్న పలకలమీదికి చదువ నారంభించెను. వీరు నటీనటులు కారు, జీతగాండ్రు కారు. స్వచ్ఛందముగా పుస్తకములు చదువు ఉద్యమమునకు ఇదియొక పెద్ద మెట్టు.

ఇంకొక మెట్టును మన సంఘస్థులు తప్పక తెలిసికొనవలెను. హోండురాస్ దేశములో మిషనరీగా ఉండి, జబ్బుపడి లాస్ ఏంజెలెస్ తిరిగివచ్చిన జాయ్ రిడ్డర్‌హాఫ్ అను దొరసాని, తాను వెళ్ళలేని పల్లెలకు తన మాటయైనను వెళ్ళవలెనని 1939లో గాస్పెల్ రికార్డింగ్స్ అను పనిని స్థాపించెను. ఆమె పనివారు అక్షరము రాని మనుష్యులను కూర్చుండబెట్టి, ఒక్కొక్క వాక్యము చెప్పి, వారి సొంత పలుకులో తిరిగి చెప్పించుకొని పట్టెడివారు. భాషలును యాసలును కలిపి 6,000కు మించి ఆ పని నేడు విస్తరించినది. చదువురానివాడు వినువాడు మాత్రమే కాదు, వినిపించువాడును కాగలడని వీరు చూపిరి.

అక్షరము ముందు, స్వరము తరువాత

ఇక మన కాలమునకు వత్తము. 1971 జూలై 4న అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో మైకేల్ హార్ట్ అను విద్యార్థి అక్కడి కంప్యూటరులో స్వాతంత్ర్య ప్రకటనను తన చేతులతో టైపు చేసి, కావలసినవారు తీసికొనవచ్చునని ఉంచెను. అదియే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్. మొదటి అచ్చు బైబిలును తెచ్చిన గుటెన్‌బర్గ్ పేరే దానికి పెట్టుకొనిరి. హక్కులు తీరిపోయిన పాత పుస్తకములను స్వచ్ఛంద సేవకులు టైపుచేసి, ప్రూఫులు దిద్ది, ఉచితముగా అందించుచు వచ్చిరి. 1996లో బ్రూస్టర్ కేల్ అను ఆయన ఇంటర్నెట్ ఆర్కైవ్ అను భాండాగారమును స్థాపించెను. 2009 నుండి దాని కార్యస్థానము శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఒకప్పుడు క్రిస్టియన్ సైన్స్ వారి ఆరాధనాలయమైన కట్టడములో ఉన్నది.

ఈ విధముగా అక్షరములు సిద్ధమైనవి. స్వరము ఇంకను రాలేదు. ఆ స్వరమునకు దారి చూపినవారిలో ఒక గురువు ఉన్నారని తెలిసి మాకు సంతోషమైనది. 2004లో లారెన్స్ లెసిగ్ అను న్యాయశాస్త్ర ఆచార్యుడు గ్రంథస్వామ్యమును గూర్చి ఫ్రీ కల్చర్ అను పుస్తకము వ్రాసి, లాభాపేక్ష లేకుండ ఎవరైనను దానిని పంచుకొనవచ్చునని అనుమతించెను. అప్పుడు ఇల్లినాయ్ రాష్ట్రములోని ఒక వేదాంత కళాశాలలో క్రొత్త నిబంధన బోధించుచున్న ఎ.కె.ఎం. ఆడమ్ అను ఎపిస్కోపల్ గురువు, అధ్యాయమునకు ఒకరు చొప్పున చదివి వినిపింతము రండని పిలుపు ఇచ్చెను. కొద్ది దినములలోనే ఎక్కడెక్కడివారో తలయొక అధ్యాయము పంచుకొని చదివివేసిరి.

ఆ మాదిరిని చూచినవారిలో కెనడా దేశము మాంట్రియల్ నగరమునకు చెందిన హ్యూ మెక్‌గైర్ అను రచయిత ఒకడు. 2005 ఆగస్టులో ఆయన లిబ్రివాక్స్ అను పనిని ఆరంభించెను. లాటిను భాషలో పుస్తకము, స్వరము అను రెండు మాటలు కూర్చిన పేరది. మొదట ఎన్నుకొన్న గ్రంథము జోసెఫ్ కాన్రాడ్ 1907లో ప్రచురించిన ది సీక్రెట్ ఏజెంట్. పదుమూడు అధ్యాయములను వేర్వేరు మనుష్యులు వేర్వేరు ఊళ్ళలో చదివిరి. 1935లో అంధుల కొరకు చదువబడిన తొలి పుస్తకములలోను కాన్రాడ్ ఉండెను, డెబ్బది సంవత్సరముల పిమ్మట ఇక్కడను ఆయనయే. కాన్రాడ్ పోలండు సంతతివాడు; ఇంగ్లీషు ఆయనకు మాతృభాష కాదు; పెద్దవాడైన పిమ్మట నేర్చుకొన్నది. చివరివరకు ఆయన ఇంగ్లీషు పలుకులో పరదేశపు యాస పోలేదు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి, ముందు అవసరమగును.

పని జరుగు విధము

వేలమంది, ఒకరి మొగమొకరు చూడనివారు, ఒక పనిని ఎట్లు చేయుదురు? దీనిని మేము శ్రద్ధగా విచారించితిమి. మన పాస్టరేటు కమిటీలకు ఇందులో నేర్చుకొనదగినది ఉన్నది.

మొదట ఒకరు ఒక గ్రంథమును ప్రతిపాదింతురు. దాని హక్కులు నిజముగా తీరినవో లేదో విచారింతురు. ప్రతిపాదించినవారే సాధారణముగా ఆ గ్రంథమునకు నిర్వాహకులై, అధ్యాయముల పట్టికను అందరి ఎదుట పెట్టుదురు. నాకు మూడవది, నాకు ఏడవది అని చదువరులు కోరుకొందురు. ఒక్కరే గ్రంథమంతయు చదువవచ్చును, పలువురు పంచుకొనవచ్చును, నాటకమైనచో పాత్రకొకరు తమ తమ మాటలను చదివి పంపగా, ఒకరు వాటిని వరుసగా అతుకుదురు. ఒకే పద్యమును పదిమంది, ఇరువదిమంది తమ తమ ధోరణిలో చదువు ఏర్పాటు కూడ కలదు.

క్రొత్తగా వచ్చినవారు ముందు ఒక్క నిమిషము చదివి పంపవలెను. వారి భాషాజ్ఞానమును పరీక్షించుటకు కాదు. మైకు సరిగా ఉన్నదా, రొద వచ్చుచున్నదా, శబ్దము తగినంత ఉన్నదా అని చూచుటకే. శబ్దము 89 డెసిబెల్‌ల దగ్గర ఉండవలెనని ఒక ప్రమాణము పెట్టుకొనిరి. ఒక అధ్యాయమునుండి మరియొక అధ్యాయమునకు పోవునప్పుడు వినువాడు మాటిమాటికి శబ్దము పెంచుకొనుట, తగ్గించుకొనుట లేకుండుటకు. ఆడాసిటీ అను ఉచితమైన సాధనముతో తప్పులు కోసివేయుదురు. ప్రతి భాగము మొదట ఇది లిబ్రివాక్స్ వారిదనియు, అందరి సొత్తనియు చదువరి చెప్పును.

అటుపిమ్మట అచ్చు ప్రూఫులు దిద్దువారివలె వినికిడి ప్రూఫులు దిద్దువారు ఉందురు. వీరు పుస్తకము ముందు పెట్టుకొని విందురు. ఒక వాక్యము రెండుమారులు వచ్చినదా, ఒక పంక్తి జారిపోయినదా, నడుమ కుక్క మొరిగినదా అని గుర్తించి, నిమిషముతో సహా వ్రాసి పంపుదురు. చదువరి దిద్దును. అన్ని అధ్యాయములును వచ్చిన పిమ్మట పట్టికలో చేర్చి ఆర్కైవులో భద్రపరచుదురు. ఎవరికిని జీతము లేదు. 2010లో ఖర్చులకు 20,000 డాలర్లు కావలెనని అడుగగా, పదుమూడు దినములలో అది సమకూడినది. ఇక చాలునని వారు ఆ సేకరణను ఆపివేసిరి. చందాల పుస్తకములు మోసినవారమైన మాకు ఈ సంగతి ఆశ్చర్యమును, కొంచెము సిగ్గును కలిగించెను.

2016 నాటికి 10,000 గ్రంథములు పూర్తియైనవి. నేడు ఆ సంఖ్య సుమారు 20,000. బైబిలు పాత ఇంగ్లీషు అనువాదములు, అగస్టీను ఒప్పుకోలు, యాత్రికుని ప్రయాణము అందులో ఉన్నవి. వేట కథలు, వంట పుస్తకములు, పిల్లల కథలును ఉన్నవి. భాషలు ముప్పదికి మించినవి. ఇంగ్లీషుతో పోల్చినచో మన తెలుగు గ్రంథములు బహు స్వల్పము.

ఎవరి స్వరము తగినది?

ఇప్పుడు మా తప్పును చెప్పుకొనవలెను.

టీచరమ్మగారి కోరిక విని, మేము యౌవనస్థుల కూటములో తొమ్మిదిమందిని పోగుచేసి, ఈ పద్ధతినే చిన్నగా మొదలుపెట్టితిమి. నవలను చర్చి గదిలో చదువుటయా అని ఒకరిద్దరు పెద్దలు అభ్యంతరము తెలిపిరి. చిలకమర్తి వారే చూపు పోయిన పిమ్మట ఇతరులచేత వ్రాయించుచు గ్రంథములు రచించిన మహనీయుడని చెప్పగా ఊరకుండిరి. వెస్ట్రీ గదిలో ఫ్యాను ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫోనులో చదివించితిమి. మొదటి రోజున ఆటో హారను, రెండవ రోజున పక్కింటి కుక్కరు ఈలలు, మూడవ రోజున మా గంటయే మ్రోగినది. అయినను మూడు అధ్యాయములు అయినవి.

నాలుగవ అధ్యాయము ఒక అమ్మాయికి వచ్చినది. ఆమె పల్లెనుండి వచ్చి నర్సింగు చదువుకొనుచున్నది. గొంతు మంచిది, పలుకు మాత్రము వారి ఊరి పలుకు. శకార షకారములు ఒక్కటిగనే పలుకును, ళకారము లకారమగును. మేము రెండుమార్లు ఆపి దిద్దించితిమి. మూడవమారు, "ఈ అధ్యాయము వేరొకరికి ఇచ్చెదము, నీవు తరువాత చదువుదువు గాని" అంటిమి. ఆమె పుస్తకము మూసి, "నా యాస బాగోలేదనా, అయ్యగారూ?" అని మెల్లగా అడిగెను. మేము ఏదో చెప్పితిమి. ఏమి చెప్పితిమో ఇప్పుడు గుర్తులేదు. ఆమె మరుసటి వారము రాలేదు.

ఆ వారములోనే లిబ్రివాక్స్ వారి నియమములను మేము పూర్తిగా చదివితిమి. అందులో ఒకటి మమ్మును గ్రుచ్చినది. ప్రూఫు వినువారు పాఠము సరిగా ఉన్నదా అనియే చూడవలెను. చదువరి యాసను గూర్చి, చదువు ధోరణిని గూర్చి, అడుగనిదే విమర్శింపరాదు. చదువగోరు ప్రతివానిని స్వీకరింపవలెను. వినువారిలో కొందరికి కొందరి చదువు రుచింపకపోవచ్చును. దానిని వారు ఎరుగుదురు. ఎరిగియే ఈ నియమము పెట్టుకొనిరి. తలుపు ఒకసారి కొందరికి మూసినయెడల, తరువాత ఎవరు లోపల, ఎవరు వెలుపల అని తేల్చుటకే కాలము చాలదని వారి అనుభవము.

దీనికి మారుమాట చెప్పువారును ఉన్నారు, వారి మాటలో న్యాయము లేకపోలేదు. చెడ్డగా చదివిన పుస్తకము వినువానిని పుస్తకమునకే దూరము చేయవచ్చును. గ్రంథకర్తకు కూడ అన్యాయమే గదా? కాని మేము మన చరిత్ర వైపు చూచితిమి. మన సంఘములలో వాక్యపఠనమునకు లేచు హక్కు ఎంతకాలము కొద్దిమంది చేతులలో ఉండెను! ఉచ్చారణ అనునది ఎన్నిసార్లు పుట్టుకకు మారుపేరైనది! మొదటి ఉపదేశులు ఏ యాసతో చదివిరో ఎవరును అడుగలేదు. వారి మనుమలమైన మేము అడిగితిమి.

మేము ఆ అమ్మాయి హాస్టలుకు వెళ్ళి క్షమింపుమని కోరితిమి. ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. రెండు నెలలు పట్టినది. చివరకు ఆమె చదివిన అధ్యాయమును టీచరమ్మగారికి వినిపించి, ఎట్లున్నదని భయముతో అడిగితిమి. ఉచ్చారణ విషయములో ఆమె ఎంత కఠినురాలో ఆమె శిష్యులందరును ఎరుగుదురు. ఆమె, "ళ పలకదు పాపం. కానీ అయ్యగారూ, ఈ పిల్ల అర్థమయ్యి చదువుతోంది. మిగతావాళ్ళు అక్షరాలు చదువుతున్నారు" అనిరి. నాటినుండి మా ప్రూఫు వినువారు ఆమెయే. పుస్తకము కనబడదు గాని, ఎక్కడ వాక్యము తెగినదో, ఎక్కడ మాట జారినదో ఆమె చెవి పట్టుకొనును.

హక్కుల సంగతి

ఈ పనికి దిగగోరువారు చట్టమును తెలిసికొనవలెను. ఒకరి కష్టార్జితమును అడుగక తీసికొనుట ధర్మము కాదు. మన దేశములో 1957 నాటి చట్టము ప్రకారము గ్రంథకర్త జీవితకాలమును, ఆ పిమ్మట 50 సంవత్సరములును హక్కు ఉండెను. 1941లో మరణించిన రవీంద్రుని హక్కులు 1991తో ముగియనుండగా, ఆ గడువును 60 సంవత్సరములకు పొడిగించిరి. దీని లెక్క మరణించిన మరుసటి సంవత్సరమునుండి. చిలకమర్తి వారు 1946లో గతించిరి గనుక వారి గ్రంథములు 2007 జనవరి 1 నుండి అందరి సొత్తు. కందుకూరి, గురజాడ వారివి అంతకు ఎంతో ముందే. 1890లో గతించిన మన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలకు ఏ అడ్డును లేదు. కాని మనకు ప్రియమైన జాషువ కవిగారు 1971లో గతించిరి. వారి గబ్బిలమును ఈ విధముగా చదివి పంచవలెనన్న 2032 జనవరి 1 వరకు ఆగవలెను, లేదా హక్కుదారుల అనుమతి పొందవలెను. అనువాదమునకు అనువాదకుని హక్కు వేరుగా ఉండును. పాత గ్రంథమునకు క్రొత్త అనువాదమైనచో జాగ్రత్త వహింపవలెను.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ పాత పుస్తకములకు ప్రచురణనుండి 95 సంవత్సరములు. 1998లో గడువు పొడిగించుటచేత ఇరువది సంవత్సరములు క్రొత్త పుస్తకమేదియు విడుదల కాలేదు. 2019 జనవరి 1న 1923 నాటి గ్రంథములతో ఆ తలుపు మరల తెరువబడి, ఏటేట ఒక్కొక్క సంవత్సరపు గ్రంథములు వచ్చుచున్నవి. లిబ్రివాక్స్ వారు ఆ దేశపు చట్టమునే అనుసరింతురు. కావున మన దేశములో విడుదలైనదెల్ల అక్కడ విడుదలైనట్లు కాదు.

అంధులకు మాత్రము ఒక గొప్ప మినహాయింపు కలదు. 2012లో మన చట్టమును సవరించి, వికలాంగులకు అందుబాటు రూపములో ఏ గ్రంథమునైనను లాభాపేక్ష లేకుండ తయారుచేసి ఇచ్చుటకు అవకాశము కల్పించిరి. 2013లో మరాకేష్ నగరములో ఇదే విషయమై అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. దానిని 2014లో అన్ని దేశములకంటె ముందుగా ధ్రువపరచినది మన భారతదేశమే.

ఇచ్చిన కానుక ఎక్కడికి పోవును?

లిబ్రివాక్స్ చదువరులు తమ స్వరముపై ఏ హక్కును ఉంచుకొనరు. ఎవరైనను దానిని తీసికొని అమ్ముకొనవచ్చును కూడ. అట్లు అమ్ముకొన్నవారును ఉన్నారు. ఇది తెలిసియే వారు ఇచ్చుచున్నారు. తెలియక ఇచ్చినదియు ఒకటి ఉన్నది. 2015లో పరిశోధకులు ఈ చదువులనుండి సుమారు 1,000 గంటలు ఏరి, మనిషి మాటను అక్షరముగ మార్చు యంత్రములకు శిక్షణ నిచ్చు సంగ్రహముగా చేసిరి. 2020లో 60,000 గంటల సంగ్రహము వచ్చినది. వంటయింటి బల్లమీద పిల్లలు నిద్రించిన పిమ్మట ఒక తల్లి చదివిన అధ్యాయము ఈనాడు యంత్రములకు చెవియైనది.

ఇప్పుడు యంత్రములే పుస్తకములు చదువుచున్నవి, అలసట లేకుండ, తప్పు లేకుండ. అట్లయిన మనుష్యులెందుకని మా కూటములోనే ఒక యువకుడు అడిగెను. ప్రశ్న మంచిదే. అంధునికి రేపు పరీక్ష ఉన్నచో యంత్రము చదివినను మేలే. దానిని మేము కాదనము. కాని లిబ్రివాక్స్ వారు మనుష్యులు చదివినదానినే స్వీకరింతురు. టీచరమ్మగారికి ఫోనులోని యంత్రస్వరము ఒకటి వినిపించి చూచితిమి. ఆమె కొంతసేపు విని, "బాగానే చదువుతోంది. ఎవరి కోసం చదువుతోందో దానికి తెలీదు" అని ఊరకుండిరి.

మిగిలిన పని

మా గణపతి ఇంకను పూర్తి కాలేదు. సగముకంటె కొంచెము ఎక్కువ అయినది. మొదటి తొమ్మిదిమందిలో నలుగురు ఉద్యోగములకై హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళిరి. వారిలో ఇద్దరు అక్కడనుండి చదివి పంపుచున్నారు. టీచరమ్మగారికి ఎనుబది నాలుగు సంవత్సరములు. మేము వెళ్ళినప్పుడెల్ల, "తరువాయి ఎప్పుడండీ?" అని అడుగుదురు. ఆమె అడుగునది కథను గూర్చియే. కాని మాకు గడియారపు ముల్లు వినబడును.

తెలుగు వికీసోర్సులో స్వచ్ఛంద సేవకులు పాత తెలుగు పుస్తకములను పుట పుటగా అక్షరములలోనికి దించుచున్నారు. అక్షరము సిద్ధమగుచున్నది; స్వరము కావలెను. నూరు సంవత్సరముల క్రిందట పల్లె అరుగుమీద లాంతరు వెలుగున చదివినవారి స్వరములలో ఒక్కటియు మనకు మిగులలేదు. వారు ఏ మాటను ఎట్లు పలికిరో, ఎక్కడ ఆగిరో వినవలెనన్న మనకు దారి లేదు. రెండవ నూరు సంవత్సరముల పండుగకు కూడుకొనువారు మన స్వరములను వినగలరు, మనము చదివి ఉంచినయెడల.

ప్రతి పాస్టరేటులోను చూపు తగ్గినవారు, అక్షరము నేర్వనివారు, మంచముననున్నవారు ఎందరో లెక్క తీయుడి. వారు ఏమి వినగోరుదురో, మనకు తోచినది కాదు, వారినే అడుగుడి. ఒక ఫోను, ఒక దుప్పటి, ఒక నిశ్శబ్దమైన అరగంట చాలును. ళకారము పలుకనివారును రావచ్చును. మా వద్ద ఇంకను చదువని అధ్యాయములు ఉన్నవి.